పసుపుగీతకు అటూ ఇటూ

వేణుగోపాలపట్నం బస్టాండు దాటాక కుడిచేతి వైపు మొదటి మలుపులో సామ్రాజ్యం బేకరీ ఉంది. బోర్డు చూసి కొత్తవాళ్లు అదేదో పెద్ద వ్యవహారం అనుకుంటారు. సామ్రాజ్యం అనేది యజమానురాలి పేరు. ముందు ఒక గది, వెనక ఒక బట్టీ, ఆ బట్టీ ముందు నుంచి కదలని భర్త కొండలరావు. అంతే.

బేకరీకీ రోడ్డుకీ మధ్య మునిసిపాలిటీ వారి మురుగుకాలువ ఉంది. దాని మీద మునిసిపాలిటీ వారి సిమెంటు పలక ఉంది. ఆ పలక ఊగుతుంది. ఒక మూల కాలు పెడితే ఎదుటి మూల లేస్తుంది. రోజూ వచ్చేవాళ్లు అలవాటుగా నడిమధ్యన అడుగేసి దాటుతారు. సామ్రాజ్యం ఈ సంగతి శానిటరీ ఇన్‌స్పెక్టరుకు చెప్పింది, వార్డు మెంబరుకు చెప్పింది, ఎన్నికల్లో దండం పెట్టుకుంటూ వచ్చిన వాళ్లందరికీ పేరుపేరునా చెప్పింది. వాళ్లంతా పలక మీద నిలబడే విన్నారు, కొంచెం కొంచెం ఊగుతూ.

ఒకనాటి సాయంత్రం ప్రసూన కొడుకుని వెంటబెట్టుకుని బన్నుల కోసం వచ్చింది. ప్రసూన రెండు వీధుల అవతల ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతుంది. కొడుకు రుషికి నాలుగేళ్లు. అద్దాల బీరువాలో క్రీమ్ బన్ను కనబడేసరికి వాడు తల్లి చెయ్యి విదిలించుకుని పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునేలోపు పలక లేచింది, పిల్లాడు పడ్డాడు, గడ్డం గడపకు కొట్టుకుని చీరుకుపోయింది.

సామ్రాజ్యం కల్లాపెట్టె వదిలేసి వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. కూల్‌డ్రింకుల పెట్టెలోంచి ఐసుముక్కలు తీసి తువ్వాల్లో చుట్టి గడ్డానికి అదిమింది. ఎదురుగానే పిల్లల డాక్టరు గిరిధర్ క్లినిక్కు. ఆయన కుట్లు వేశాడు. అవి వేస్తున్నంతసేపూ పిల్లాడికంటే తల్లే ఎక్కువ ఏడ్చింది.

"ఒక్క క్షణం ఫోను చూశానండి పిన్నిగారూ. ఒక్క క్షణమే."

"ఫోనొస్తే చూడవా ఏంటమ్మా. వాడి తప్పు కాదు, నీ తప్పు కాదు. ఆ పలక ఊగుతుంది," అంది సామ్రాజ్యం. వాడి చేతిలో క్రీమ్ బన్ను పెట్టి, నమలలేడని గుర్తొచ్చి, క్రీము మట్టుకు వేలితో తీసి నాకించింది.

వ్యవహారం అక్కడితో ముగిసిపోవాలి. కానీ ఎదుటి సెల్‌ఫోన్ల షాపు కెమెరాలో ఆ పడటం పడింది. పొద్దు గూకేలోపే అది ఊళ్లో ప్రతి ఫోనులోకీ చేరింది. చూసినవాళ్లు రెండు వర్గాలయ్యారు. ఫోను పట్టుకున్న తల్లిదే తప్పని ఒక వర్గం, గడప ఎత్తుగా కట్టిన బేకరీదే తప్పని ఒక వర్గం. పలక మాట ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే కెమెరాలో అది కనబడలేదు. స్టాఫ్‌రూములో తోటి టీచర్లు ప్రసూన వంక జాలిగా చూసి, తమ ఫోన్లు తాము చూసుకున్నారు. ఆమె ఆనాటి నుంచి రుషి చేతిని తన చున్నీ కొసకు ముడేసుకుని నడిచింది. ఇక సామ్రాజ్యాన్ని, ఆమె చేతి కేకు తిని పెరిగిన వాళ్లే, "ఏమండీ, వ్యాపారమంటే లాభం ఒక్కటేనాండీ?" అని అడిగి, ఎగ్ పఫ్ కట్టించుకుని పోయారు.

మూడో రోజుకు పురపాలక సంఘం మేలుకొంది. ప్రజా ప్రదేశాల్లో పిల్లలు గాయపడితే బాధ్యత తల్లిదండ్రులదా వ్యాపారులదా అన్నది తేల్చడానికి 'ద్విపక్ష బాధ్యతా నిర్ధారణ సంఘం' ఏర్పాటైంది. దానికి అధ్యక్షుడు మునిసిపల్ మేనేజరు మార్కండేయులు గారు. ఆయన సాధువు, నిజాయితీపరుడు. కాకపోతే కాగితం మీద లేని వస్తువును చూసే అలవాటు ఆయన కళ్లకు లేదు.

సామ్రాజ్యాన్నీ ప్రసూననూ పిలిపించి ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. మార్కండేయులు గారు గొంతు సవరించుకుని చదివారు.

"శ్రీమతి సామ్రాజ్యం గారు, అనగా వ్యాపార పక్షం. శ్రీమతి ప్రసూన గారు, అనగా సంరక్షక పక్షం. సదరు బాలుని పతనమునకు కారకులు ఈ ఇరుపక్షములలో ఎవరో నిర్ధారించుటకు ఈ సంఘం సమావేశమైనది. వ్యాపార పక్షం వారు తమ వాదన వినిపించవచ్చును."

"పలకండి," అంది సామ్రాజ్యం.

"పలకాల్సింది మీరమ్మా."

"అదేనండి నేననేది. పలక అండి. సిమెంటు పలక. ఊగుతుందండి."

మార్కండేయులు గారు ముందున్న కాగితాలు రెండు పక్కలా తిప్పి చూశారు. "పలక ఈ సంఘం పరిధిలోకి రాదమ్మా."

"మరెవరి పరిధిలోకొస్తుందండి?"

"ఇంజనీరింగు విభాగం పరిధిలోకి. కానీ వారిని పిలవాలంటే వారు ఒక పక్షం కావాలి. మనకున్న పక్షాలు రెండే. ఆ రెండూ మీరిద్దరే."

"మూడో పక్షాన్ని చేర్చుకుని త్రిపక్షం అనొచ్చు కదా సార్," అంది ప్రసూన.

"అనవచ్చును. కానీ రబ్బరు స్టాంపు చేయించేశాం," అన్నారాయన. ఆ బాధ నిజంగానే ఆయన ముఖంలో కనబడింది. "పైగా మునిసిపాలిటీయే పక్షమైతే తీర్పు చెప్పేదెవరమ్మా? న్యాయం నిష్పక్షపాతంగా జరగాలంటే మేము తప్పు చేయనివాళ్లమై ఉండాలి."

ఇద్దరు ఆడవాళ్లూ బయటికి వచ్చి మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కాసేపు నిలబడ్డారు. ఒకళ్ల మీద ఒకళ్లు నేరం మోపడానికి పిలిపించిన వాళ్లు, ఒకే ఆటోలో ఇంటికి పోయారు.

పది రోజులకు తీర్మానం వెలువడింది. పట్టణంలోని ప్రతి దుకాణం ముందూ నాలుగు వేళ్ల వెడల్పున పసుపుగీత గీయాలి. దాని పేరు బాధ్యతా రేఖ. గీతకు రోడ్డు వైపున ఉన్నంతసేపు పిల్లలు తల్లిదండ్రుల బాధ్యత. గీత దాటి లోపలికి వస్తే యజమాని బాధ్యత. గీత షట్టరు నుంచి ఎంత దూరంలో ఉండాలో ఊరంతటికీ ఒకటే కొలత నిర్ణయించారు. ఆ కొలత ప్రకారం సామ్రాజ్యం బేకరీ ముందు గీత సరిగ్గా పలక నడిమధ్య నుంచి పోయింది.

రంగు వేసే కుర్రవాడి పక్కన నిలబడి సామ్రాజ్యం బతిమాలింది. "ఎలాగూ వంగున్నావు కదా బాబూ. ఆ చేత్తోనే కింద ఓ ఇటుక ముక్క దోపెయ్యి."

"నాకు రంగే ఇచ్చారండి," అన్నాడతను. గీత మాత్రం చక్కగా గీశాడు. పలక ఊగినప్పుడల్లా అది కూడా ఊగేది.

గీత దాటించేటప్పుడు పిల్లల్ని నోటిమాటగా అప్పజెప్పాలన్నది తీర్మానంలో మరో అంశం. తల్లో తండ్రో "అప్పగిస్తున్నాను" అనాలి. దుకాణదారు "స్వీకరిస్తున్నాను" అనాలి. మొదటిరోజు బేకరీకి మనవణ్ణి తీసుకొచ్చిన ఒక ముసలావిడకు ఆ మాటతో కూతురి పెళ్లి గుర్తుకొచ్చింది. గీతకు అవతల నిలబడి కళ్లొత్తుకుంటూ, "గారాబంగా పెరిగిన పిల్లాడమ్మా, కోప్పడకు," అని సామ్రాజ్యం చేతిలో వాడి చెయ్యి పెట్టింది. సామ్రాజ్యం రెండో చేతిలో కారం బిస్కెట్ల పొట్లం పట్టుకుని, "స్వీకరిస్తున్నాను," అంది. వెనక వరసలో ఉన్నవాళ్లు త్వరగా అప్పగింతలు కానివ్వమన్నారు.

వారం తిరిగేసరికి జనం ఈ ఏర్పాటులోని సౌకర్యం గ్రహించారు. పిల్లల్ని గీత దాటించి, "అప్పగిస్తున్నాను," అని చెప్పి, కూరగాయల మార్కెట్టుకు పోయేవారు. కొందరు బ్యాంకు పని చూసుకునేవారు. ఒకాయన సినిమాకు పోయి వచ్చాడు. సామ్రాజ్యం కల్లాపెట్టె పక్కన ఎప్పుడు చూసినా పిల్లలు గుంపుగా కూర్చుని దిల్‌పసందులో కొబ్బరి ఏరుకుని తినేవారు.

మిగతా వ్యాపారులు ఇంత మెతకవాళ్లు కారు. బొమ్మల దుకాణం వాడు 'పిల్లలకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టాడు. స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరు పిల్లల్ని రోడ్డు మీదే నిలబెట్టి దూరం నుంచి కంటితో కొలతలు తీసుకోసాగాడు. ఆ ఏడాది ఊళ్లో లాగులన్నీ ఒకే సైజులో ఉన్నాయి. డాక్టరు గిరిధర్ తన కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకున్నాడు. పేషెంటు గీతకు అవతల నిలబడి నోరు తెరిస్తే, ఆయన ఇవతల కూర్చుని టార్చిలైటు వేసి చూసేవాడు. మునిసిపల్ పార్కు మునిసిపాలిటీ వారిదే కనుక దానికి తాళం వేశారు. ఆ నెలలో జారుడుబల్ల మీద ఒక్క పిల్లాడూ గాయపడలేదని సంఘం నివేదికలో రాసుకుంది.

అయినా పిల్లలు పడటం మానలేదు. పైగా గీతలు చూసి పడటం వాళ్లకు చేతకాలేదు. తల ఒకవైపు కాళ్లు ఒకవైపు పెట్టి పడేవారు. సంఘం మళ్లీ సమావేశమై 'ప్రథమ స్పర్శ సూత్రం' తెచ్చింది. మార్కండేయులు గారే స్వయంగా బేకరీకి వచ్చి చదివి వినిపించారు.

"గీతపై పతనము సంభవించినచో, పడిన బాలుని లేక బాలికను ప్రథమముగా ఎవరు స్పృశింతురో వారు బాధ్యతను అంగీకరించినట్లు భావించబడును. వ్యాపార పక్షమైనచో ట్రేడ్ లైసెన్సు రద్దగును."

"అంటే పడిన పిల్లాణ్ణి లేపకూడదాండీ?" అంది సామ్రాజ్యం.

"లేపకూడదని ఎక్కడా లేదమ్మా. లేపినచో ఏమగునో మాత్రమే ఉంది."

ఆ తర్వాత వేణుగోపాలపట్నంలో పిల్లవాడు ఎక్కడ పడినా జనం చుట్టూ మూగేవారు, కానీ చేతులు వెనక్కి కట్టుకునేవారు. "లే నాన్నా. ముందు కుడిచెయ్యి ఆనించు. ఆఁ, ఇప్పుడు మోకాలు," అని దూరం నుంచి చెప్పేవారు. తల్లులు మట్టుకు ఎత్తుకునేవారు. ఎత్తుకుని, మునిసిపల్ వారు చూపించిన చోట సంతకం పెట్టేవారు. ఒకసారి రుషి బడి గేటు దగ్గర పడితే ప్రసూన కూడా పెట్టింది. 'నా నిర్లక్ష్యము వలన' అన్న మాటల కింద లెక్కల టీచరు తన పేరు రాసింది.

చేపల మార్కెట్టు వెనక ఉండే ఆటో డ్రైవరు ఏసుదాసు కూతురు కెజియా రోజూ ఒక్కతే వచ్చి బ్రెడ్డు పట్టుకెళ్లేది. తల్లి రొయ్యల ఫ్యాక్టరీకి, తండ్రి ఆటోకి పోతే ఇంట్లో చిన్న పనులన్నీ ఆ పిల్లే చూసుకునేది. రెండో తరగతి చదువుతోంది. అప్పజెప్పడానికి వెంట పెద్దవాళ్లు లేరు కనుక గీత దగ్గర ఆగి, "అప్పగిస్తున్నాను," అని తనే చెప్పి, ఒక అడుగు ముందుకేసి, "స్వీకరిస్తున్నాను," అని కూడా తనే చెప్పి లోపలికి వచ్చేది. సామ్రాజ్యానికి ఆ పిల్లంటే ముద్దు. బ్రెడ్డుతో పాటు ఒక బిస్కెట్టు చేతిలో పెట్టేది.

ఒక రోజు మార్కండేయులు గారు గీతల తనిఖీకి వచ్చి, బేకరీ పందిరి నీడన నిలబడి ఉన్నారు. పక్కన టేపు పట్టుకున్న గుమాస్తా. కెజియా పలక మీదికి వచ్చి, "అప్పగి..." అంటుండగానే పలక ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎండకు ఎండి వానకు నాని ఉన్న దాని అంచు ఒకటి విరిగింది. సందులోంచి పిల్ల కాలు మోకాలి దాకా కాలువలోకి దిగిపోయింది. పలక తిరిగి దాని మీద పడింది.

ఆ అరుపు బట్టీ దాకా వినబడింది.

జనం మూగారు. ఒకాయన, "కదలకమ్మా, కదలకు," అన్నాడు. ఇంకొకాయన వాళ్ల నాన్నకు ఫోను చేయమన్నాడు. చేతులన్నీ వెనక్కే ఉన్నాయి.

"ఎవరూ ముట్టుకోవద్దు. ముందు కొలత తీయాలి," అన్నారు మార్కండేయులు గారు. గుమాస్తా టేపు లాగాడు. "శరీరం గీతకు బయట ఉందండి. కాలు లోపల ఉందండి. ఏది రాయమంటారు?"

సామ్రాజ్యం గడప మీద నిలబడిపోయింది. వెనక గోడకు వేలాడుతున్న లైసెన్సు గుర్తుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా పిండి పిసికిన చేతులు, పొగకు పాడైన కొండలరావు కళ్లు గుర్తుకొచ్చాయి. ఆ బేకరీ తప్ప వాళ్లకు ఈ ఊళ్లో మరేమీ లేదు. ఇదంతా ఆమె తలలోంచి పోతుండగా కెజియా తలెత్తి చూసింది. పిల్ల ఏడవడం లేదు. "అత్తా, నేనింకా స్వీకరించలేదు," అంది, ఏదో తప్పు చేసినదానిలా.

సామ్రాజ్యం గడప దిగింది. అదే సమయానికి ఆమె వెనక నుంచి కొండలరావు వచ్చాడు. బట్టీలో నిప్పులు ఎగదోసే ఇనుప గడ ఒకటి చేతిలో ఉంది. గడ కొస పలక కింద పెట్టి, పళ్లు బిగించి పైకెత్తాడు. పలక జానెడు లేచింది. సామ్రాజ్యం పిల్లను చంకల కింద పట్టుకుని లాగి గుండెకు హత్తుకుంది.

"సామ్రాజ్యం గారూ, ప్రథమ స్పర్శ..." అన్నారు మార్కండేయులు గారు.

"రాసుకోండి," అంటూ ఆమె రోడ్డు దాటింది.

గుమ్మంలో కూర్చున్న డాక్టరు గిరిధర్ లేచి నిలబడ్డాడు గానీ పక్కకు జరగలేదు. "ఎవరి బాధ్యత మీద లోపలికి..."

"నాది. అడ్డం లేవండి."

డాక్టరు అడ్డం లేచాడు. ఎముక చిట్లింది. సిమెంటు కట్టు వేశారు. చీకటి పడేముందు ఫ్యాక్టరీ నుంచి తల్లి వచ్చింది. రొయ్యల వాసన పోని చేతులతో కూతురి జుట్టు సర్ది, సామ్రాజ్యం పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఆ పలక ఇంకా అలాగే ఉందాండి?" అని మాత్రం అడిగింది.

"ఉందమ్మా."

సంఘం నుంచి పిలుపు వచ్చిననాడు సామ్రాజ్యం లైసెన్సును గోడ మీంచి తనే తీసి, దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్లింది. వాళ్లు వచ్చి పీక్కుపోవడం చూడటంకన్నా అదే నయమనుకుంది. ప్రసూన బడికి సెలవు పెట్టి తోడు వెళ్లింది.

హాలు నిండుగా ఉంది. వర్తక సంఘం వాళ్లు ఒకవైపు, తల్లిదండ్రుల సంఘం వాళ్లు మరోవైపు కూర్చున్నారు. మార్కండేయులు గారు లేచి తీర్మానం చదివారు.

"ఈ సంఘం ఏర్పడిన నాటి నుండి పట్టణంలో ఏ పక్షం వారైనను తమంతట తాముగా బాధ్యత వహించుట ఇదే ప్రథమము. శ్రీమతి సామ్రాజ్యం గారు బహిరంగముగా, సాక్షుల సమక్షమున, 'నాది' అని పలికియున్నారు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానము కొరకు ఈ సంఘం ఇంతకాలముగా శ్రమించుచున్నది. సమాధానము లభించినది. కావున ఇకమీదట పట్టణ పరిధిలో బాలబాలికలకు సంభవించు సమస్త గాయములకు వారినే గౌరవ పట్టణ బాధ్యురాలిగా నియమించుచున్నాము."

రెండు సంఘాల వాళ్లూ లేచి చప్పట్లు కొట్టారు. వాళ్లు ఒక విషయం మీద ఏకం కావడం ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. శాలువా కప్పారు. సంచిలోని లైసెన్సు ఎవరూ అడగలేదు. డాక్టరు గిరిధర్ ముందుకొచ్చి దండ వేశాడు. అంతా సద్దుమణిగాక సామ్రాజ్యం శాలువా భుజం మీంచి జారకుండా పట్టుకుని అడిగింది.

"అయితే ఆ పలక నేను బాగు చేయించుకోవచ్చాండి?"

మార్కండేయులు గారు పసిపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పారు. "అమ్మా, బాధ్యత మీది. అధికారం మాది."

ఆ మరునాటి నుంచి వేణుగోపాలపట్నం హాయిగా ఊపిరి పీల్చుకుంది. బొమ్మల దుకాణం బోర్డు తీసేసింది. పార్కు తాళం తీశారు. డాక్టరు కుర్చీ లోపలికి పోయింది. పడిన పిల్లల్ని జనం మునుపటిలాగే ఎత్తుకుని, దులిపి, తీసుకొచ్చి సామ్రాజ్యానికి చూపించి పోయేవారు. ఒకాయన మోకాలు కొట్టుకుపోయిన కొడుకుని స్కూటరు మీద ఎక్కించుకుని అంత దూరం వచ్చాడు. "పనేమీ లేదండీ. మీ బాధ్యత కదా, మీ చెవిన వేసి పోదామని," అన్నాడు. సామ్రాజ్యం డెట్టాలు సీసా కల్లాపెట్టె పక్కనే పెట్టుకుంది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. కానీ బేకరీ మూసి ఇంటికి పోయేటప్పుడు ఎక్కడ ఏ పిల్ల కేక వినబడినా గుండె గతుక్కుమనేది. ఆ ఒక్కటీ అలవాటు కాలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ప్రసూన చున్నీ నడుముకు బిగించుకుని వచ్చింది. రుషి చెయ్యి ఇప్పుడు దేనికీ ముడేసి లేదు. వెనకాల పోలయ్య మేస్త్రి తాపీతో నిలబడి ఉన్నాడు.

"ఇదేంటమ్మాయ్?" అంది సామ్రాజ్యం.

"మిమ్మల్ని అడిగితే వాళ్లను అడగాలంటారు పిన్నిగారూ. వాళ్లను అడిగితే వద్దంటారు. నేనెవర్నీ అడగలేదండి. మేస్త్రిగారిని పిలిచాను."

సామ్రాజ్యం వెనక్కి తిరిగి చూసింది. కొండలరావు అప్పటికే ఇనుప గడ తీసుకుని వస్తున్నాడు.

పట్టపగలు, అందరి కళ్లెదుటా పని మొదలైంది. జనం యథాప్రకారం చుట్టూ మూగి చేతులు వెనక్కి కట్టుకున్నారు. కాసేపటికి ఏసుదాసు ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో ఒక పక్క కట్టు కాలుతో కెజియా, మరో పక్క ఇసుక బస్తా. బస్తా దించడానికి అతనొక్కడి వల్లా కాకపోతే, గుంపులోంచి ఒక చెయ్యి వచ్చి పట్టింది. తర్వాత మరో రెండు చేతులు. పాత పలక తీసి పక్కన పెట్టారు. కాలువ గట్టు మీద ఇటుకలు పేర్చి, సిమెంటు పోసి, మేస్త్రి తెచ్చిన కొత్త పలక దించారు. ఒక వాయి బన్నులు కాలేలోపు పని అయిపోయింది.

సిమెంటు గట్టిపడ్డాక మార్కండేయులు గారు వచ్చారు. ఎప్పటిలా ఊపుకు సిద్ధపడి ఒళ్లు బిగబట్టి అడుగేశారు. పలక కదలకపోయేసరికి ఆయనే తూలి షట్టరు పట్టుకున్నారు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

"బాధ్యురాలిని నేనే కదండీ," అంది సామ్రాజ్యం.

"మునిసిపల్ ఆస్తి అమ్మా. అనుమతి లేకుండా మార్చుట నేరము. నోటీసు ఇవ్వక తప్పదు."

"ఇవ్వండి."

ఆయన వెళ్లలేదు. కారం బిస్కెట్లు కట్టమన్నారు. కట్టిన పొట్లం చేతిలో పట్టుకుని కూడా వెళ్లలేదు. కుడికాలితో పలక మూలను ఒకసారి, ఎడమకాలితో రెండో మూలను ఒకసారి నొక్కి చూశారు. బేకరీలో వేరే ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక కల్లాపెట్టె మీదికి వంగారు.

"ఆ మేస్త్రి నంబరు ఉందా అమ్మా?"

సామ్రాజ్యం ఆయన ముఖంలోకి చూసింది.

"మా ఇంటి ముందుదీ ఊగుతుంది," అన్నారాయన. కాగితం చూడకుండా ఆయన మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు. "మా అమ్మాయి మనవరాల్ని తీసుకుని వస్తోంది. పిల్ల ఇప్పుడిప్పుడే అడుగులేస్తోంది. నేను ఇంజనీరింగు విభాగానికి అర్జీ పెట్టాను. నేను సంరక్షక పక్షమో వ్యాపార పక్షమో ముందు తేల్చుకుని రమ్మన్నారు."

ఎగతాళి చేయడానికి సామ్రాజ్యం నాలుక కొస దాకా మాట వచ్చింది. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న పిల్ల గుర్తొచ్చి మింగేసింది. బ్రెడ్డు చుట్టే కాగితం చింపి నంబరు రాసిచ్చింది.

నోటీసు మర్నాడే వచ్చింది. కింద మార్కండేయులు గారి సంతకం గుండ్రంగా, స్పష్టంగా ఉంది. సామ్రాజ్యం దాన్ని చదివి, మడిచి, తిరిగి గోడకెక్కిన లైసెన్సు పక్కన మేకుకు తగిలించింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పోలయ్య ఫోను చేశాడు. వెనక ఎక్కడో పసిపిల్ల కేరింతలు వినబడుతున్నాయి.

"అక్కగారూ, పనైపోయిందండి. కానీ ఈ మేనేజరుగారు విచిత్రంగా ఉన్నారండి. నేను పని చేస్తున్నంతసేపూ లోపల తలుపేసుకుని కూర్చున్నారు. తను చూడలేదని చెప్పమంటున్నారు. రేపెవరైనా వచ్చి ఇది ఎవరి బాధ్యత అని అడిగితే నేనేం చెప్పాలండి?"

సామ్రాజ్యం ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వేడి బన్నులు పళ్లెంలోకి దింపుతోంది.

"అది తర్వాత చూద్దాంలే," అంది. "పలక ఊగుతుందా, లేదా?"

"ఊగట్లేదండి."

"పిల్ల దాటిందా?"

"ఇదిగో, ఇప్పుడే రెండుసార్లు దాటింది. మళ్లీ దాటుతానని గోల చేస్తుందండి."

"దాటనివ్వండి," అంది సామ్రాజ్యం.